పని మానుకున్న తుపాకులు

మా డాలస్ చుట్టుపక్కల తెలుగువాళ్ళ విందుల్లో ఎవరు ఏ కారు కొన్నారో, ఇంటి అప్పు మీద వడ్డీ ఎంత పడుతోందో నిస్సంకోచంగా అడిగేస్తారు. ఇంట్లో తుపాకీ ఉందా అని మాత్రం అడగరు. ఉన్నాయనే భోజనాలకి ముందు భుజం మీద చెయ్యేసి, “పైకొస్తవా అన్నా, ఒకటి చూపిస్త” అంటాడు. పైన పడగ్గది పక్క అలమరాలో, పట్టుచీరల వెనక, ఉక్కు పెట్టె ఉంటుంది. అందులో ఉండేది చాలావరకు నల్లటి ప్లాస్టిక్ పిడి ఉన్న పిస్తోలు, కాకపోతే ఏఆర్-15.

నేను మర్యాదకి బాగుందంటాను. నిజానికి వాటి మీద నాకు మనసు పోదు. ఒక మిత్రుడు తన ఏఆర్‌కి లైటు, లేజరు, ఎర్రచుక్క చూపించే అద్దం, ముందొక పిడి, కింద మడత కాళ్ళు, అన్నీ బిగించి చూపించాడు. ఊరేగింపుకి ముస్తాబైన పెళ్ళిగుర్రంలా ఉంది. గుర్రం ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది.

నా రుచి వేరు. కర్ర, ఇనుము తప్ప ఇంకొకటి కనిపించకూడదు. వెనక మడమకి ఇత్తడి పట్టీ ఉంటే సంతోషం. ఒక్కో తూటాకీ బోల్టును చేత్తో ఎత్తి, వెనక్కి లాగి, ముందుకి తొయ్యాలి. దుర్భిణి వద్దు, ఉన్న కళ్ళతో కనిపించినంతే చాలు. ఏదో ఒక సైన్యంలో నౌకరీ చేసి రిటైరైనదయి ఉండాలి. నాకంటే ముందు పుట్టినదయితే మరీ ఇష్టం. పిస్తోలు మాత్రం కొనను. అది ఒక గదిలో, ఎదురుగా ఉన్న మనిషి కోసం చేసిన వస్తువు. చేతిలోకి తీసుకోగానే ఆ సంగతి అదే చెబుతుంది.

ఈ రుచి ఎక్కడ అంటుకుందో నాకు తెలుసు. వరంగల్‌లో కాలేజీ రోజుల్లో ఎన్.సి.సి.లో చేరాను, సగం పరేడ్ తర్వాత పెట్టే పూరీ కూర కోసం. కవాతుకి ఇచ్చేవి త్రీ నాట్ త్రీలే, కానీ వాటి మీద ‘డి.పి.’ అని అచ్చు కొట్టి ఉండేది. డ్రిల్లుకే తప్ప పేల్చడానికి పనికిరానివని అర్థం. దాదాపు నాలుగు కిలోల బరువు. ఎండలో గంటసేపు భుజాన మోస్తే, దేశభక్తి సంగతేమో గానీ ఎముక ఎక్కడుందో బాగా తెలిసేది. క్యాంపులో నిజంగా పేల్చనిచ్చింది పాయింట్ టూ టూ. బోర్లా పడుకోబెట్టి, మనిషికి లెక్కగా నాలుగైదు తూటాలిచ్చి, హవల్దారు మీసం కింది నుంచి “సాఁస్ రోకో” అనేవాడు. ఊపిరి బిగబట్టిన ఆ క్షణంలో పుస్తకాలూ పరీక్షలూ నాన్న కోపమూ అన్నీ దూరమయ్యాయి. నా గ్రూపింగ్ బాగుందని ఆయన తలూపాడు. ఇంజనీరింగులో వచ్చిన మార్కులు మర్చిపోయాను గానీ ఆ తల ఊపడం గుర్తుంది.

అమెరికా వచ్చాక కోరిక తీర్చుకోవడం అంత సులువు కాలేదు. టెక్సస్‌లో తుపాకులు కూరగాయల్లా దొరుకుతాయని మనవాళ్ళ నమ్మకం. హెచ్-1బి మీద ఉన్నవాడికి ఫెడరల్ చట్టం తుపాకీ కొననివ్వదు, దగ్గర ఉంచుకోనివ్వదు. వేట లైసెన్సులాంటి మినహాయింపు కాగితం ఉంటే కొనొచ్చు. అంటే జింకను చంపాలనుకునే విదేశీయుడికి తుపాకీ దక్కుతుంది, జింక జోలికి పోను బాబోయ్ అనేవాడికి దక్కదు. చట్టం రాసినవాళ్ళకి ఇందులో తమాషా కనిపించిందో లేదో. నేను జింకల మీద దయతో గ్రీన్‌కార్డు దాకా ఆగాను. ఆ ఆగడం ఎన్నేళ్ళన్నది తెలుగు పాఠకులకి చెప్పక్కర్లేదు.

మొదటిది ఫోర్ట్‌వర్త్‌లో ఒక గన్ షోలో దొరికింది. చూడనివాళ్ళ కోసం: పెద్ద హాలు, వరసగా బల్లలు, ఒకదాని మీద రైఫిళ్ళు, పక్కదాని మీద ఎండబెట్టిన మాంసం పొట్లాలు, ఆ పక్కన పాత పతకాలు, చాకులు, ఎవరి తాతవో సైనికుల ఫొటోలు. అక్కడ ఒక పెద్దాయన బల్ల మీద సైనికుల కంబళి పరిచి ఉంది. దాని మీద నేను కాలేజీలో మోసిన ఆకారం. మొద్దు మూతి, గొట్టం చివరిదాకా కప్పిన కర్ర. తిప్పి చూశాను. ‘ఆర్.ఎఫ్.ఐ.’, 1968. రైఫిల్ ఫ్యాక్టరీ, ఇషాపూర్. ఎక్కడి హుగ్లీ ఒడ్డు, ఎక్కడి ఫోర్ట్‌వర్త్!

పెద్దాయన నన్ను పైకీ కిందికీ చూసి, ఇది హిమాలయాల్లో చైనావాళ్ళ మీద పేలిన తుపాకీ అని మొదలుపెట్టాడు. మంచులో రక్తం, చివరి తూటా, అన్నీ ఉన్నాయి కథలో. యుద్ధం 1962లో అయింది, తుపాకీ పుట్టింది 1968లో. నేను ఆ మాట అనలేదు. నాకు మా ఊరికి వచ్చే తుపాకి రాముడు గుర్తొచ్చాడు. పిట్టల దొర అని కూడా అంటాం. ఖాకీ చొక్కా, నెత్తిన టోపీ, చేతిలో చెక్క తుపాకీ పట్టుకుని, తను వేటాడిన పులుల గురించీ తనకున్న మేడల గురించీ ఆపకుండా కోతలు కోసి బియ్యం తీసుకుపోయేవాడు. చెక్క తుపాకీవాడు చెప్పింది కోతలని అందరికీ తెలుసు, అందుకే నవ్వేవాళ్ళం. అసలు తుపాకీవాడు చెబితే మాత్రం ధర పెరుగుతుంది. సేకరించేవాళ్ళలో పాతకాపులు కొత్తవాడికి ముందు నేర్పేది, తుపాకీని కొను, కథను కొనకు అని.

కథ లేకపోయినా ఆ రైఫిల్ చరిత్ర తక్కువదేం కాదు. ఇషాపూర్‌లో ఈస్టిండియా కంపెనీ కాలంలో, 1787లోనే మందుగుండు కర్మాగారం పెట్టారు. అదే చోట 1904లో రైఫిళ్ళ పని మొదలైంది. స్కాట్లండులో పుట్టిన జేమ్స్ పారిస్ లీ అనే ఆయన రూపొందించిన బోల్టు, ఇంగ్లండులో ఎన్‌ఫీల్డ్ అనే చోటున్న ఫ్యాక్టరీ గొట్టం, రెండూ కలిసి లీ-ఎన్‌ఫీల్డ్ అయ్యాయి. దానిలో 1907 నాటి మార్క్ త్రీయే మనం త్రీ నాట్ త్రీ అని పిలుచుకునేది. ఇంగ్లండువాళ్ళు కొత్త మోడల్‌కి మారిపోయాక కూడా ఇషాపూర్‌లో పాతదాన్నే చేస్తూ పోయారు. చైనాతో యుద్ధంలో ఆయుధాల కొరత తెలిసొచ్చాక అదే ఒళ్ళుని మెరుగైన ఉక్కుతో, 7.62 తూటాకి సరిపోయేలా మార్చి, పది తూటాల పెట్టె స్థానంలో పన్నెండువి పట్టేది పెట్టారు. అది టూ ఏ. గురి పలక మీద మొదట పాత అలవాటు కొద్దీ రెండు వేల గజాల వరకు అంకెలుంచి, తర్వాత ఎనిమిది వందల మీటర్లకి కుదించారు. అది టూ ఏ వన్, నాది అదే. రెండు వేల గజాల అవతలి మనిషికి గురి చూసి కాల్చవచ్చని నమ్మిన కాలం ఒకటుండేదని ఆ అంకెలే సాక్ష్యం. నాకయితే ఆ దూరంలో ఏనుగు కూడా కనిపించదు.

నాకు అన్నిటికంటే నచ్చింది దాని కర్రలో అడ్డంగా దిగిన ఒక స్క్రూ. ముందు కర్ర చీలిపోకుండా ఇషాపూర్‌లో బిగించింది. అమెరికా సేకర్తలు దాన్ని ‘ఇషాపూర్ స్క్రూ’ అనే పిలుస్తారు, కొందరు కొంచెం ముఖం చిట్లించి. అందం చెడిందట. పాతదాన్ని పారెయ్యకుండా ఇంకో పదేళ్ళు నడిపించే విద్య అది. మా నాన్న సైకిలు, మా ఊరి రైసుమిల్లు, ఆర్టీసీ బస్సులు అన్నీ ఆ విద్య మీదే నడిచాయి.

ఇక్కడి సేకర్తల్లో చాలామందికి అంకెల పట్టింపు. బోల్టు మీద అంకె, ఒంటి మీద అంకె ఒకటే అయితే ధర ఎక్కువ. కర్ర మీద గీత పడకూడదు. నాకు తలకిందుల రుచి. నా దగ్గరున్న ఇంకో ఇషాపూర్‌ది 1942ది, అసలు త్రీ నాట్ త్రీ. కిరీటం, దాని కింద జి.ఆర్.ఐ. అనే అక్షరాలు, అంటే జార్జి రాజుగారి ముద్ర. బోల్టు మీద పాత అంకెను కొట్టేసి, చేతి పంచ్‌తో కొత్త అంకె వేశారు, వరస కొంచెం వంకర. ‘ఎఫ్.టి.ఆర్.’ ముద్ర కూడా ఉంది, ఫ్యాక్టరీలో మొత్తం విప్పి బాగుచేసి పంపారన్నమాట. మడమ మీద చిన్న చిన్న గీతలు వరసగా ఉన్నాయి. లెక్కపెట్టి చూసి ఒక మిత్రుడు కళ్ళు పెద్దవి చేసి, “చంపినవాళ్ళ లెక్కా?” అన్నాడు. ఆ గీతలు రాతిమెట్టుకి ఆనించినచోట పడ్డాయి. ఎవరో సెంట్రీ, ఏదో గేటు దగ్గర, రోజూ ఒకే మెట్టుకి ఆనించి నిలబడ్డాడు. నాకు ఆ సెంట్రీ విసుగే ఎక్కువ నచ్చింది.

యాభై ఏళ్ళు నిండిన తుపాకీ ఇక్కడి చట్టంలో పురావస్తువు కింద లెక్క. వాటిని పోగుచేసుకునేవాళ్ళకి వేరే లైసెన్సు ఉంది. అది ఉంటే పోస్టులో తిన్నగా ఇంటికే వస్తాయి. బదులుగా ఏది ఎప్పుడు ఎవరి దగ్గర కొన్నామో, ఎవరికి అమ్మామో, రిజిస్టరు రాయాలి. నా 1968 రైఫిల్‌కి 2018లో యాభై నిండి ఆ గౌరవం దక్కింది. మా ఆవిడ ఆ సంగతి విని, “మీకూ దగ్గర పడుతోందిగా, మీ పేరు కూడా రిజిస్టర్లో రాయించండి” అంది.

సేకరించేవాళ్ళంతా కాల్చరు. కాల్చేవాళ్ళంతా సేకరించరు. నేను రెండూ చేస్తాను గానీ, కాల్చడం తక్కువ. ఒక్కో త్రీ నాట్ త్రీ తూటా డాలరు దాటి ఎప్పుడో పోయింది కాబట్టి పొదుపు అనుకోవచ్చు. అసలు కారణం వేరే. రేంజిలో పక్క బల్ల మీద కుర్రాడు ముప్పై తూటాల పెట్టెను తడిసిన టపాకాయల సరంలా ఆగి ఆగి వదిలేసి, కాగితం వైపు చూడకుండానే ఇంకో పెట్టె ఎక్కిస్తాడు. అది నాకు అర్థం కాదు. నా ఆనందమంతా పేలకముందు ఉంటుంది. పడుకుని, మడమ భుజం గుంటలో ఇరికించి, సగం ఊపిరి వదిలి ఆపితే, గురి ముల్లు గుండెకొట్టుకునే లయకి పైకీ కిందికీ ఆడుతుంది. దాన్ని ఆపలేం. ఎప్పుడు ఆడుతుందో తెలుసుకుని ఆ సందులో ట్రిగ్గరు నొక్కడమే. పాత సైనిక రైఫిళ్ళ ట్రిగ్గరు రెండు అంచెలుగా కదులుతుంది, మొదటిది ఖాళీగా వచ్చేస్తుంది, రెండోది దగ్గర ఆగి, నిజంగానేనా అని అడుగుతుంది. ఆ అడగడం కోసమే ఇంత దూరం కారు నడుపుకుని వస్తానేమో.

చత్వారం వచ్చాక ఇంకో పాఠం. వెనక గాడి, ముందు ముల్లు, వంద గజాల అవతల నల్లచుక్క, ఈ మూడింటిలో కన్ను ఒకదాన్నే తేటగా చూడగలదు. కుర్రకళ్ళు వీటి మధ్య చకచకా తిరిగి మూడూ కనిపిస్తున్నాయని భ్రమ పెడతాయి. ఇప్పుడు ఆ భ్రమ పోయింది. ముల్లును తేటగా పెట్టుకుని, చుక్కను మసకగా ఉండనివ్వాలి. హవల్దారు చెప్పింది ఇదే, అప్పట్లో నమ్మలేదు. గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో కంచు పతకం గెలిచినప్పుడు మా హైదరాబాదువాడని విందుల్లో అందరూ గంతులేశారు. అదంతా పూర్తిగా వేరే లోకం, తోలు కోటు, మిల్లీమీటర్లో పదోవంతు లెక్కలు. నాది పది అంగుళాల పళ్ళెం లోకం.

ఎప్పుడైనా పాత మిలిటరీ తూటాలు దొరుకుతాయి, అడుగున ‘కె.ఎఫ్.’ అని, పుణె పక్కన కిర్కీలో చేసినవి. వాటికి ఇక్కడ పేరు చెడ్డది. ట్రిగ్గరు నొక్కితే టక్ మంటుంది. ఏమీ కాదు. కంగారుపడి బోల్టు తెరిచావో ముఖం మీదే పేలొచ్చు. గొట్టం మట్టిదిబ్బ వైపే ఉంచి అర నిమిషం ఆగాలి. ఒక్కోసారి ఈలోపే పేలుతుంది, తెలుగు సినిమాలో చచ్చిపోయినవాడు చివరి మాట చెప్పడానికి లేచినట్టు. పైగా వాటి టోపీలో ఉండే రసాయనం గొట్టంలో ఉప్పు మిగులుస్తుంది. ఉప్పు గాలిలో తేమను పీల్చి రాత్రికి రాత్రే తుప్పు పుట్టిస్తుంది. నూనె దాన్ని కరిగించదు, మరిగిన నీళ్ళు కావాలి. అందుకే ఇంటికి రాగానే గరాటు పెట్టి గొట్టంలో కెటిల్‌తో నీళ్ళు పోస్తాను. తర్వాత పుల్‌త్రూ తాడుకి చిందీ గుడ్డ కట్టి లాగడం. మడమలో ఇత్తడి మూత తీస్తే లోపల ఆ తాడూ, నూనె సీసా పెట్టుకోవడానికి గూడు ఉంటుంది. ఆ కెటిల్ టీ కెటిల్ కాదని ప్రతిసారీ ప్రమాణం చేయాలి.

ఇంతవరకు చదివినవాళ్ళకి ఇదంతా ఒక ముచ్చటలా అనిపించవచ్చు. మా అమ్మకి అలా అనిపించలేదు.

ఆమె మా దగ్గరికి వచ్చినప్పుడు హాల్లో గుడ్డ పరిచి 1942ది తుడుస్తున్నాను. వంటింట్లోంచి వచ్చి, చూసి, నిలబడిపోయింది. “గిది పోలీసోళ్ల తుపాకి గాదుర?” అంది. అవునన్నాను. “ఇంట్ల ఎందుకు వెట్టుకున్నవ్ బిడ్డా, ఇంకేం దొర్కలేదా నీకు?” ఆమె దృష్టిలో అది ఇషాపూర్‌దీ కాదు, జార్జి రాజుదీ కాదు. మా ఊళ్ళో రాత్రిళ్ళు వచ్చిన నక్సలైటు అన్నలు అన్నం పెట్టమని అడిగినప్పుడు వాళ్ళ భుజాన అదే ఉండేది, పోలీసుల దగ్గర గుంజుకున్నది. తెల్లారి ఎవరు అన్నం పెట్టారో చెప్పమని వచ్చినవాళ్ళ చేతిలోనూ అదే. తుపాకీని చూసి ఎవరో పోల్చుకోలేక బూట్లు చూసి పోల్చుకునేవాళ్ళు. ఆమె ఉన్నన్నాళ్ళూ పెట్టె తెరవలేదు. ఆమె అడగనూ లేదు.

తుపాకీ మా ప్రాంతంలో ఎప్పుడూ ఎవరో ఒకరి పక్షాన నిలబడి ఉండేది. గడీలో దొర గోడకి వేలాడే జోడుగొట్టాలది ఒక పక్షం. ఎన్నికలు వచ్చాయంటే లైసెన్సు తుపాకులన్నీ పోలీసుస్టేషన్లో అప్పగించాలి. దొరగారి జీతగాడు దాన్ని బట్టలో చుట్టి భుజాన పెట్టుకుని వెళ్తుంటే, ఆ నెల్లాళ్ళు ఊరికి కొంచెం గాలి ఆడినట్టుండేది. అటు మన్యంలో అల్లూరి సీతారామరాజు 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద పడింది తుపాకులూ తూటాల కోసమే. ఏమేం తీసుకున్నదీ అక్కడే రాసి సంతకం పెట్టి వెళ్ళాడు. నా రిజిస్టరు రాసేటప్పుడు అది గుర్తొచ్చి సిగ్గుగా నవ్వుకుంటాను.

ఇషాపూర్‌వాళ్ళే పోలీసుల కోసం, జైలు కాపలాదార్ల కోసం ఇంకో రకం చేశారు. త్రీ నాట్ త్రీ గొట్టాన్ని లోపల చాళ్ళు లేకుండా నున్నగా తొలిచి, తూటాల పెట్టెలో చెక్కముక్క బిగించి, ఒక్కొక్క తూటాయే పెట్టుకునేలా మార్చిన నాలుగొందల పది మస్కెట్. 1857 తర్వాత నల్లవాడి చేతికి పూర్తి బలమున్న తుపాకీ ఇవ్వకూడదనే భయం బ్రిటిషువాళ్ళకి చాలాకాలం పోలేదు. సిపాయిలకి కూడా కొన్నాళ్ళు నున్నటి గొట్టాలే ఇచ్చారు. ఈ మస్కెట్లు అమెరికాకి బాగా వచ్చాయి, ధర కూడా తక్కువే. చరిత్ర అంటే పడిచచ్చే నాలాంటివాడు ముందు కొనాల్సింది అదే. రెండుసార్లు చేతిలోకి తీసుకుని బల్ల మీద పెట్టేశాను. దూరాన ఉన్న శత్రువుకి పనికిరాదు అది. ఎదురుగా గుమిగూడిన జనానికి పనికొస్తుంది. పిస్తోలు విషయంలో నాకున్న పట్టింపే ఇక్కడా. అభిరుచి అని పేరు పెట్టుకున్నాను గానీ, చూడదలచుకోని వైపు తల తిప్పుకోవడం అందులో పాలు ఎక్కువేనని ఒప్పుకోవాలి.

2023 మే 6న మా ఇళ్ళకి కారులో కాసేపటి దూరంలో ఉన్న అలెన్ ఊరి మాల్‌లో ఒకడు ఏఆర్ తరహా తుపాకీతో ఎనిమిది మందిని చంపాడు. అందులో ఒకరు హైదరాబాదు నుంచి వచ్చిన ఇంజనీరు, మన అమ్మాయి. మేమందరం చెప్పులకీ చొక్కాలకీ వెళ్ళే మాల్ అది. ఆ తర్వాత విందుల్లో తుపాకుల మాట గొంతు తగ్గించి మాట్లాడుకోవడం ఆగిపోయింది. కొందరు కొనడానికి సలహా అడిగారు. కొందరు నన్ను, ఇంకా ఎలా ఉంచుకుంటున్నావు అని అడిగారు. నావి పాత రైఫిళ్ళు, కాగితం మీదకే, బోల్టులు వేరే పెట్టెలో తాళం వేసి ఉంటాయి అని చెప్పాను. అవన్నీ నిజాలే. అయినా ఆ జవాబు నాకే నచ్చలేదు. లీ-ఎన్‌ఫీల్డులు అన్నీ కలిపి కోటీ డెబ్బై లక్షల దాకా చేశారంటారు, రెండు ప్రపంచ యుద్ధాలు చూశాయి. మనుషుల్ని చంపిన లెక్కలో ఏ నల్ల ప్లాస్టిక్ తుపాకీ వాటి దరిదాపుల్లోకి రాదు. కర్రకి మెరుగొచ్చింది కదా అని పాపం పోదు. వాటికి ఇక పని లేదు, అంతే తేడా. ఉత్తరప్రదేశ్ పోలీసులు 2020లో త్రీ నాట్ త్రీకి వీడ్కోలు చెప్పినప్పుడు పేపర్లో ఫొటో చూశాను. నాకది ఆ తుపాకీ కంటే దాన్ని ఇన్నేళ్ళు మోసిన కానిస్టేబుళ్ళకి విడుదలలా కనిపించింది. 2008లో ముంబయి స్టేషన్లో ఉగ్రవాదుల ఏకే-47లకి ఎదురు నిలబడమని అక్కడి పోలీసుల చేతికిచ్చింది కూడా అదే మరి.

సలహా అడిగినవాళ్ళకి నా దగ్గర పనికొచ్చేదేమీ లేదు. ఇంటి రక్షణకి ఏది మంచిది అంటే నాకు నిజంగా ఆసక్తి లేదు. ఆ భయంతో కొన్నవాళ్ళు వాటిని ఏడాదికొకసారి కూడా పేల్చరు, తుడవరు. తాళంచెవి ఎక్కడ పెట్టారో మర్చిపోతారు. అదే మంచిదేమో కూడా.

మా అమ్మాయికి పదహారేళ్ళు వచ్చాక తనే అడిగితే రేంజికి తీసుకెళ్ళాను. నా వారసత్వమంతా బల్ల మీద పరిచి, ఇషాపూర్ గురించి, స్క్రూ గురించి, సెంట్రీ గురించి చెప్పాను. ఓపిగ్గా వింది. 1942దాన్ని ఒకసారి పేల్చి, భుజం రుద్దుకుని, “నాన్నా, దీనికి సౌండెక్కువ, పని తక్కువ” అని తిరిగిచ్చేసింది. పక్కనున్న పాయింట్ టూ టూ తీసుకుంది. రూగర్ కంపెనీది, 1964 నుంచీ చేస్తున్న టెన్ ట్వంటీటూ, ఇక్కడ పల్లెల్లో పిల్లలకి మొదట కొనిచ్చేది. దానికి యుద్ధం తెలియదు, రాజముద్ర లేదు, ముట్టుకున్నవాళ్ళ కథా లేదు. యాభై గజాల దగ్గర కాగితం తెచ్చి చూపించింది. గ్రూపింగ్ నాకంటే బాగుంది. నేను చనిపోయాక ఈ పాతవాటిని ఏం చేస్తావని అడిగాను. “నీ రిజిస్టర్లో అమ్మేశామని రాయడానికి ఒక కాలమ్ ఉంటుందన్నావు కదా” అంది, ఇంకో తూటా ఎక్కించుకుంటూ.